టీ మీద బాగా కొట్టే పిల్లవాడు మ్యాచ్‌లో ఎందుకు తడబడతాడు? బేస్‌బాల్ బ్యాటింగ్‌కు ఏ డ్రిల్స్ చేయించాలి?

నమస్కారమండీ. మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీరు మల్కాజిగిరిలో ఉంటారు. బాబుకు 12 ఏళ్లు. మూడేళ్లు క్రికెట్ ఆడి, ఎనిమిది నెలల క్రితం స్కూల్లో బేస్‌బాల్‌కు మారాడు. రోజూ సాయంత్రం డాబా మీద వల కట్టుకుని, టీ (బంతిని కదలకుండా నిలిపే స్టాండు) మీద బంతి పెట్టి 200 సార్లు కొడతాడు. అక్కడ ఒక్కటీ తప్పదు. మ్యాచ్‌లో మాత్రం సగం బంతులు తగలవు, తగిలినవేమో నేల మీద దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చేతిలోకి పోతున్నాయి. ఇంకా ఏయే డ్రిల్స్ కలపాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఇప్పుడు చేయిస్తున్నవి తగ్గించండి, ఆ తర్వాతే కలపడం. రోజుకు 200 నుంచి 70కి దిగండి. ఆ 70లో టీ మీద 25 మించకూడదు. మిగిలినవన్నీ ఎదురుగా ఉండి మీరు విసిరే బంతులు కావాలి. వాటిలో ఏ రెండూ ఒకేలా రాకూడదు, కొన్నింటిని బాబు కొట్టకుండా వదిలేయాలి కూడా. దొర్లే బంతుల సంగతి వేరు. అది క్రికెట్‌లో అలవాటైన మణికట్టు చేసే పని, దానికి ఒకే ఒక్క డ్రిల్ చాలు. కింద వివరంగా చెబుతాను.

నేను సికింద్రాబాద్ వైపు ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. కాలేజీ రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది క్రికెట్ నుంచి వచ్చినవారే. అందుకే అమెరికా వీడియోల్లోని పాఠాలు మన పిల్లలకు ఉన్నదున్నట్టుగా సరిపోవని నా అనుభవం. అక్కడి పిల్లవాడు ఐదారేళ్ల వయసు నుంచి గాలిలో నేరుగా వచ్చే బంతిని చూస్తూ పెరుగుతాడు. మన పిల్లవాడి కళ్లు నేల మీద పడి లేచే బంతి కోసం వెతుకుతాయి. బంతి ఎక్కడ పడుతుందో చూసి అప్పుడు నిర్ణయం తీసుకోవడం వాళ్ల కంటికి పట్టిన అలవాటు. బేస్‌బాల్‌లో బంతి పడదు. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడి చేయి వదిలిన క్షణం నుంచే చూడాలి.

టీ సంగతికి వస్తాను. టీ మంచి పనిముట్టే. దాన్ని తీసిపారేయమని నేను ఎవరికీ చెప్పను. కాని ఒకసారి డాబా మీదికి వెళ్లి చూడండి. టీ కింద హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ఐదు మూలల పలక ఉందా? ఇళ్లలో ప్రాక్టీసు చేసే పిల్లల్లో చాలామందికి ఉండదు. అప్పుడేమవుతుందంటే, పిల్లవాడు తనకు ఎక్కడ సుఖంగా ఉందో అక్కడ నిలబడతాడు. బంతి ఎప్పుడూ అతని బ్యాటు దారిలోనే ఉంటుంది. మ్యాచ్‌లో బంతి అతని సుఖం చూసి రాదు కదా. అందుకని ముందు ప్లేట్ గీయండి. ముందంచు 17 అంగుళాలు, రెండు పక్కలు ఎనిమిదిన్నర చొప్పున, వెనక మొనకు కలిసే రెండు ఏటవాలు గీతలు 12 అంగుళాల చొప్పున. మా పిల్లలు దీన్ని ముగ్గుపిండితో గీస్తారు, అర నిమిషం పని. బాబు నిలబడే చోటు కూడా గీసి, పాదాలు అక్కడి నుంచి కదలకుండా టీని మాత్రమే జరపండి.

ఎక్కడికి జరపాలి? మధ్య బంతి అయితే టీ ముందు పాదానికి సమంగా, లేదా ఒక పిడికిలి ముందుకు. శరీరానికి దగ్గరగా వచ్చే బంతికి ఇంకొంచెం ముందుకు. దూరంగా పోయే బంతికి వెనక్కి, ముందు తుంటికి దాదాపు సమంగా. ఎత్తు కూడా తొడ మధ్య నుంచి బొడ్డు దాకా మారుస్తూ ఉండాలి. ప్రతి చోటా ఐదు కొట్టి జరపండి. కొట్టే ముందు ప్రతిసారీ తలెత్తి పిచ్చర్ ఉండే వైపు చూడాలి, ఆ తర్వాతే చూపు బంతి మీదికి దించాలి. ఈ ఒక్క నియమం పెడితే పిల్లలు 200 కొట్టలేరు, 25కే అలసిపోతారు. అంతవరకూ వాళ్లు కొట్టింది చేతులతో, ఇప్పుడు మనసు పెట్టి కొడుతున్నారన్నమాట.

ఇక విసిరే బంతులు ఎందుకు మారుతూ ఉండాలి? దీని మీద 1994లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం ఉంది. కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లకు ఆరు వారాలు అదనపు బ్యాటింగ్ ప్రాక్టీసు ఇచ్చారు. ఒక్కో విడతకు 45 బంతులు, మూడు రకాలు. ఒక జట్టుకు ఒకే రకం 15, తర్వాత ఇంకో రకం 15, అలా వేశారు. ఇంకో జట్టుకు అవే 45 బంతులు కలగాపులగంగా వేశారు. చివరి పరీక్షలో మొదటి జట్టు దాదాపు 25 శాతం మెరుగుపడితే, రెండో జట్టు దాదాపు 57 శాతం మెరుగుపడింది. బంతుల లెక్క ఒకటే, వరస మారింది, అంతే. మీ బాబు రోజూ చేస్తున్నది మొదటి జట్టు చేసినదానికన్నా తేలిక. ఒకే రకం బంతి, అదీ కదలని బంతి.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కలగాపులగంగా విసరడం మొదలుపెట్టగానే పిల్లవాడి ఆట చూడటానికి చెడిపోయినట్టు కనిపిస్తుంది. టీ మీద వరసగా పేలే బంతులు ఆగిపోతాయి, సగం తప్పుతాయి. మొహం ముడుచుకుంటాడు. రెండో వారంలోనే చాలామంది నాన్నలు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ముందే బాగుండేది" అంటారు. దయచేసి ఆగండి. నేను చూసినంతలో నాలుగైదు వారాలు పడుతుంది.

సమయం లెక్క కూడా చూడండి. అమెరికా పిల్లల బేస్‌బాల్ పోటీలైన లిటిల్ లీగ్‌లో 12 ఏళ్లవారికి పిచ్చర్ దూరం 46 అడుగులు, అంటే సుమారు 14 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని 0.6 సెకను పైచిలుకులో దాటేస్తుంది. పెద్దవాళ్ల ఆటలో దూరం 60 అడుగుల 6 అంగుళాలు, 145 కిలోమీటర్ల వేగం బంతికి దొరికేది దాదాపు 0.4 సెకనే. ఇందులో బ్యాటు తిరగడానికి కావలసింది తీసేస్తే, చూసి నిర్ణయించుకోవడానికి మిగిలేది కనురెప్పపాటు. ఆ కనురెప్పపాటును టీ నేర్పలేదు. బాబు తప్పులు చేతుల్లో లేవు, ఎక్కువ భాగం ఆ కాస్త సమయంలోనే ఉన్నాయి.

కాబట్టి ఎదురు విసురు మీ ప్రధానమైన డ్రిల్. నాలుగైదు మీటర్ల దూరంలో బాబుకు ఎదురుగా కూర్చుని, చేయి కింది నుంచి, గట్టిగా, వంపు లేకుండా విసరండి. చాలామంది జాలితో బంతిని పైకి ఎగరేసి మెత్తగా వేస్తారు. అలా దిగే బంతి మ్యాచ్‌లో ఎక్కడా రాదు, దానికి అలవాటుపడితే నష్టమే. పక్క నుంచి విసిరే పద్ధతీ ఉంది, చాలా స్కూళ్లలో అదే చేయిస్తారు. చోటు లేనప్పుడు తప్పదు కాని, పక్క నుంచి వచ్చే బంతిని మ్యాచ్‌లో ఎవరూ వేయరు, అందుకే నేను తక్కువ వాడతాను.

గట్టి బంతి అయితే మీ ముందు వల తప్పనిసరి. బేస్‌బాల్ బంతి 142 నుంచి 149 గ్రాములు ఉంటుంది. నాలుగు మీటర్ల నుంచి తిరిగి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. మా స్కూల్లో ఒక పాత ఇనుప మడత మంచాన్ని నిలబెట్టి దానికి నైలాన్ వల కట్టాం, దాని వెనక నుంచి చేయి మాత్రం బయటికి పెట్టి విసురుతాం. డాబా మీద మాత్రం గట్టి బంతి వద్దే వద్దు. చిల్లుల ప్లాస్టిక్ బంతులు, లేదా పాత సాక్సులు చుట్టి టేపు వేసిన బంతులు వాడండి. వానాకాలంలో మా పిల్లలు అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఈ సాక్సు బంతులతోనే ప్రాక్టీసు చేస్తారు. కార్ల యజమానులకు కూడా అభ్యంతరం ఉండదు.

విసరడంలో మార్పు ఎలా? ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా, ఒకటి లోపలికి, ఒకటి ప్లేట్‌కు జానెడు బయటికి. కొన్ని బంతులకు ఎర్ర రంగు చుక్క, కొన్నింటికి నల్ల చుక్క పెట్టండి. ఎరుపు కొట్టాలి, నలుపు వదిలేయాలి. మొదటి రోజు అన్నీ కొట్టేస్తాడు, ఫరవాలేదు. తర్వాత చుక్కలు తీసేసి, జోన్‌లో (ప్లేట్ మీదుగా, కొట్టదగిన ఎత్తులో) ఉన్నవి కొట్టాలి, లేనివి వదలాలి అని నియమం పెట్టండి. సరిగ్గా వదిలిన బంతికి కూడా మార్కు వేయండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, నా లెక్కలో ఇదే అన్నింటికన్నా పెద్దది. క్రికెట్‌లో బంతిని వదిలితే పరుగు రాలేదని బాధ. బేస్‌బాల్‌లో నాలుగు చెడ్డ బంతులు వదిలితే ఉచితంగా ఫస్ట్ బేస్ దొరుకుతుంది. వదలడం కూడా ఆటే అని పిల్లవాడికి తెలియాలంటే దానికి మనం విలువ ఇవ్వాలి కదా. మేం పలక మీద రెండు గడులు గీసి లెక్క రాస్తాం. ఒకటి బాగా కొట్టినవాటికి, ఒకటి బాగా వదిలినవాటికి.

ఇప్పుడు ఆ దొర్లే బంతులు.

మన హైదరాబాద్ బ్యాటింగ్ అంటేనే మణికట్టు. అజహరుద్దీన్ ఆఫ్ స్టంప్ బయటి బంతిని మణికట్టు తిప్పి మిడ్ వికెట్‌కు పంపడం, లక్ష్మణ్ అదే పనిని అంతకన్నా అందంగా చేయడం చూసి పెరిగిన ఊరు ఇది. గల్లీలో ఆడే పిల్లవాడికి కూడా ఆ మణికట్టు తిప్పు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. నాకు ఆ ఆట అంటే ప్రాణం. కాని బేస్‌బాల్‌లో బ్యాటు గుండ్రన, వెడల్పు సుమారు 2.6 అంగుళాలే. క్రికెట్ బ్యాటు నాలుగుంబావు అంగుళాల బల్లపరుపు. బల్లపరుపు బ్యాటును తిప్పితే బంతి దిశ మారుతుంది. గుండ్రటి బ్యాటును బంతి తగలకముందే తిప్పితే బ్యాటు బంతి పైభాగాన్ని రాసుకుంటూ పోతుంది. కుడిచేతివాటం పిల్లవాడైతే బంతి నేలకు తగిలి ఎడమ వైపు, అంటే షార్ట్‌స్టాప్ వైపే దొర్లుతుంది. మీరు రాసిన వర్ణన సరిగ్గా ఇదే.

బంతి తగిలే క్షణంలో కుడి అరచేయి ఆకాశం వైపు, ఎడమ అరచేయి నేల వైపు ఉండాలి. మణికట్టు తిరగడం బంతి వెళ్లిపోయాక జరగాలి. దీనికి నేను వాడేది రెండు టీల డ్రిల్. మొదటి టీ మీద ఒక బంతి. దానికి సుమారు 30 సెంటీమీటర్ల ముందు, నేరుగా పిచ్చర్ వైపు, అదే ఎత్తులో రెండో టీ మీద ఇంకో బంతి. మొదటి బంతిని కొడితే అది వెళ్లి రెండోదాన్ని తాకాలి. మణికట్టు తొందరపడితే మొదటి బంతి ఎడమకు జారిపోతుంది, రెండోది అక్కడే కూర్చుని పిల్లవాడిని చూస్తూ ఉంటుంది. మీరు నోరు విప్పి "తప్పు" అనక్కరలేదు. ఆ బంతే చెబుతుంది. రోజుకు పది సార్లు, అంతకు మించి వద్దు. రెండో టీ కోసం డబ్బు పెట్టకండి. హార్డ్‌వేర్ దుకాణంలో పీవీసీ పైపు ముక్క, పైన రబ్బరు గొట్టం తొడిగితే చాలు, అడుగున సిమెంటు పోసిన డబ్బా పెడితే కదలదు.

పట్టు కూడా చూడండి. క్రికెట్ పట్టులో బ్యాటు అరచేతిలో ఒదుగుతుంది. ఇక్కడ వేళ్లలో ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులున్నాయే, రెండు చేతులవీ ఇంచుమించు ఒకే వరసలోకి రావాలి. ఇది సరిపోయిన పిల్లల్లో సగంమందికి మణికట్టు సమస్య దానంతటదే తగ్గడం చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్ల క్రితం అల్వాల్ నుంచి ఒక కుర్రవాడు వచ్చేవాడు, ఇదే వయసు, ఇదే సమస్య. నేను రెండు నెలలు అతని చేతులు పట్టుకుని తిప్పి చూపించాను, ఫలితం లేదు. ఒకరోజు ప్లేట్ గీయగా మిగిలిన ముగ్గుపిండి చేతికి అంటుకుని ఉంది, దానితోనే బంతిని పట్టుకుని టీ మీద పెట్టాను. కొట్టాక బ్యాటు మీద తెల్లటి మచ్చ పడింది. ఆ మచ్చ బ్యాటు కొసకు రెండు వేళ్ల దూరంలో ఉంది. కుర్రవాడు దాన్ని వేలితో తడుముతూ, "ఇక్కడ తగిలిందా టీచర్?" అని ఆశ్చర్యపోయాడు. బంతి బ్యాటు నడుమ భాగానికి తగులుతోందనే అతను అన్నాళ్లూ అనుకున్నాడు. సరైన చోటు కొస నుంచి అయిదు నుంచి ఏడు అంగుళాల మధ్య ఉంటుంది. అక్కడ తగిలితే చేతికి ఏమీ తెలియదు. కొసకో పిడికి దగ్గరో తగిలితే చేతులు జివ్వుమంటాయి. ఆ రోజు నుంచి ప్రతి పిల్లవాడి బంతికీ ముగ్గుపిండి రాయిస్తున్నాను. కొట్టడం, మచ్చ చూడటం, తుడవడం, మళ్లీ కొట్టడం. పది బంతులకు పది మచ్చలు. మనం వంద మాటల్లో చెప్పలేనిది పిల్లవాడు తన కళ్లతో చూస్తాడు. అతని మచ్చ రెండు వారాల్లో కొస నుంచి లోపలికి జరిగింది. దూరంగా నిలబడుతున్నాడని తనే గ్రహించి ప్లేట్‌కు దగ్గరగా వచ్చాడు. నేను చెప్పలేదు.

క్రికెట్ నుంచి వచ్చే రెండో అలవాటు ముందుకాలు. డ్రైవ్ కొట్టడానికి కాలు చాచి, శరీరం బరువంతా బంతి మీదికి వంచుతారు. బేస్‌బాల్‌లో ముందుకాలు జానెడుకు మించి కదలనక్కరలేదు. కాలు నేలను తాకేసరికి చేతులు ఇంకా వెనకే ఉండాలి. ఆ తర్వాత ముందుకాలు గట్టిగా నిలబడి, తుంటి తిరిగి, బొడ్డు పిచ్చర్ వైపు చూడాలి, వెనక మడమ పైకి లేవాలి. దీనికి ఆగి కొట్టే డ్రిల్ చేయించండి. కాలు వేసి, మనసులో ఒకటి అనుకుని, అప్పుడు కొట్టాలి. ఆగినప్పుడు వెనకకాలి మీద బరువు లేకపోతే తూలుతాడు. రోజుకు ఎనిమిది పది చాలు. ఎక్కువ చేయిస్తే ఆ ఆగడమే అలవాటైపోతుంది, జాగ్రత్త.

మూడో అలవాటు చెబితే మీకు నవ్వు వస్తుంది కాని, ప్రమాదం దానిలోనే ఉంది. మన పిల్లలు కొట్టగానే బ్యాటు పట్టుకునే పరిగెత్తుతారు. బ్యాటు కింద వదలాలని చెబితే విసిరేస్తారు. వెనక బంతి అందుకునే క్యాచర్ ఉంటాడు. టీ దగ్గర కొట్టిన ప్రతిసారీ బ్యాటును నేల మీద పెట్టి మూడు అడుగులు పరిగెత్తించండి. హెల్మెట్ లేకుండా ఎదురు బంతి ఆడనివ్వకండి.

మన ఊళ్లో ఖర్చు లేకుండా దొరికే రెండు వస్తువుల గురించి చెప్పాలి. మొదటిది వాడేసిన ఈకల షటిల్. బ్యాడ్మింటన్ కోర్టు లేని పేట హైదరాబాద్‌లో లేదు, రోజూ సంచుల కొద్దీ పారేస్తారు. అడిగితే ఇస్తారు. జపాన్‌లో బేస్‌బాల్ పిల్లలు షటిల్ కొట్టి ప్రాక్టీసు చేయడం మామూలే. షటిల్ చేయి వదిలినప్పుడు వేగంగా బయలుదేరి ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. తొందరపడినవాడికి తగలదు. ఆగడం తెలిసినవాడికే తగులుతుంది. బాబుకు ఇది నేను తప్పకుండా సూచిస్తాను. రెండోది 20 లీటర్ల నీళ్ల క్యాన్ మూత. డొమినికన్ రిపబ్లిక్ పిల్లలు వీధుల్లో సరిగ్గా ఇవే మూతలను చీపురు కర్రతో కొడుతూ ఆడతారు, ఆ ఆట పేరు విటీయా. ప్రపంచంలో గొప్ప బ్యాటర్లు అంతమంది ఆ చిన్న దేశం నుంచి రావడంలో దానికీ పాత్ర ఉందని అక్కడివారు నమ్ముతారు. మూత గాలిలో వంకర టింకరగా పోతుంది. సన్నటి కర్రతో దాన్ని తాకించాలంటే చివరిదాకా చూడాల్సిందే. మన చిర్రగోనె ఆడినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సెలవు రోజున పదిమంది పిల్లలను చేర్చి ఈ మూతల ఆట ఆడించండి, దాన్ని డ్రిల్ అని కూడా అనకండి.

బ్యాటు బరువు గురించి అడగలేదు కాని, ముందు అదే చూడండి. చాలా స్కూళ్లలో పెద్దవాళ్ల 33 అంగుళాల బ్యాటు ఒకటో రెండో ఉంటాయి, అందరికీ అవే. బోయినపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఏడాదిపాటు అలాంటి బ్యాటుతోనే ఆడింది. వేరే చోట నేర్చుకుని నా దగ్గరికి వచ్చింది. స్వింగ్ మొదలయ్యేసరికే బంతి క్యాచర్ చేతిలో ఉండేది. అక్కడ ఆమెకు "నీకు కళ్లు చురుకు లేవు" అన్నారట. ఆ మాట ఆమె ఎంతగా నమ్మిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. 29 అంగుళాల తేలికపాటి బ్యాటు ఇచ్చిన రోజే మొదటి ఐదు బంతుల్లో మూడు తగిలాయి. పరీక్ష సులువు. పిడి చివర ఒక చేత్తో పట్టుకుని, చేయి చాచి, భుజం ఎత్తులో ఇరవై లెక్కపెట్టేదాకా నిలపాలి. కొస వంగిపోతే బ్యాటు బరువు. కొత్తది కొనడానికి వీలు కాకపోతే పిడి మీద రెండు అంగుళాలు పైకి పట్టుకోమనండి. చాలా తేడా వస్తుంది.

భయం సంగతి కూడా అడిగి తెలుసుకోండి. బాబుకు ఎప్పుడైనా బంతి తగిలిందా? తగిలిన పిల్లల ముందుకాలు తమకు తెలియకుండానే ప్లేట్‌కు దూరంగా పక్కకు జరుగుతుంది. అలాంటప్పుడు కాలును సరిచేయడానికి ప్రయత్నించడం వృథా, ముందు భయం పోవాలి. టెన్నిస్ బంతులతో కావాలనే మీదికి వేసి, గడ్డం వెనక భుజంలో దాచుకుని, పిచ్చర్‌కు వీపు చూపిస్తూ తిరగడం నేర్పండి. తప్పించుకోవడం వచ్చిందన్న ధైర్యం కలిగాక కాలు దానంతటదే నిలుస్తుంది.

పిల్లలు వీడియోలు చూసి పెద్ద ఆటగాళ్ల భంగిమలు అనుకరిస్తారు. జపాన్‌లో 868 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టిన సదహారు ఓ ఒంటికాలి మీద నిలబడి కొట్టేవారు. ఆయన ఆ భంగిమకు మారింది 1962లో, అప్పటికే వృత్తి ఆటగాడు, వెనక పూర్తికాలపు శిక్షకుడు ఉన్నాడు. 12 ఏళ్ల పిల్లవాడికి రెండు పాదాలూ నేల మీద ఉండటమే మేలు.

ఇంకొక్క మాట మీ కోసం, బాబు కోసం కాదు. క్రికెట్ చూసే కళ్లకు బేస్‌బాల్ అంకెలు నిరుత్సాహంగా కనిపిస్తాయి. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ సాధిస్తే అది ఎంతో మంచి సగటు. 1941లో అమెరికా ఆటగాడు టెడ్ విలియమ్స్ సగటు .406, అంటే వెయ్యికి 406 హిట్లు. ఎనభై ఏళ్లు దాటినా జనం ఇంకా చెప్పుకునే అంకె అది, అందులోనూ పదింట ఆరుసార్లు ఆయన విఫలమైనట్టే. మ్యాచ్ అయ్యాక ఇంటికి వెళ్లే దారిలో "ఎన్ని కొట్టావు నాన్నా" అని అడగకండి. "ఏ బంతి బాగా కనిపించింది?" అని అడగండి.

వారం ఎలా నడపాలంటే, ఐదు రోజులు చాలు, రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఎదిగే వయసులో ఉన్న మోచేతులు, నడుము అవి. రోజుకు ముందు టీ మీద 15, రెండు టీల మీద 10, ఆగి కొట్టేవి 8, మిగిలినవి ఎదురు విసురు లేదా షటిల్. పదేసి కొట్టాక రెండు నిమిషాలు ఆగాలి. అరచేతిలో బొబ్బ లేచినా, నడుము పట్టినా ఆ రోజుకు ఆపేయాలి. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది లోపు ముగించండి, ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం డాబా కాలిపోతూ ఉంటుంది.

మొదటి వారం మాత్రం ఇవేవీ మార్చకుండా ఒక్క పని చేయండి. ప్లేట్ గీసి, బంతికి ముగ్గుపిండి రాసి, 20 బంతులు కొట్టించి, ఆ మచ్చలు కొసకు ఎన్ని వేళ్ల దూరంలో పడుతున్నాయో కాగితం మీద రాయండి. ఫోనును బాబు ఛాతీ ఎత్తులో, అతని మొహం కనిపించే వైపున నిలబెట్టి ఐదు స్వింగ్‌లు వీడియో తీయండి. వెనక నుంచి తీస్తే చేతులు కనిపించవు. కొట్టేది కుడిచేత్తోనో ఎడమచేత్తోనో, బ్యాటు ఎన్ని అంగుళాలో కూడా రాసి ఇక్కడే పెట్టండి. చూసి, రెండు టీల డ్రిల్ ముందు పెట్టాలో ఆగి కొట్టేది ముందు పెట్టాలో చెబుతాను.